పరుగు మరిచిన ఒళ్ళు

కిందటేడు రాయగడలో ఒక కాలేజీవాళ్ళు నన్ను వేదిక ఎక్కించి, దండ వేసి, మైకు చేతికిచ్చారు. అంతరిక్షంలోకి పంపడానికి తయారు చేస్తున్న కొద్దిమందిలో నేనొకణ్ణి కావడం, పైగా ఆ జిల్లా నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి కావడం వాళ్ళకు గొప్పగా ఉంది. ఒకమ్మాయి లేచి, నేవీలో విమానం నడపడం నేర్చుకున్న తొలిరోజులు ఈ పనికి ఎలా అక్కరకొచ్చాయని అడిగింది. నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. క్రమశిక్షణ, ఓర్పు, తలకిందులైనా బుర్ర తిన్నగా ఉంచుకోవడం. చప్పట్లు కొట్టారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ నా బుర్ర తిన్నగా ఉండడానికి ఎవరి ఒళ్ళు కాలిందో అక్కడ చెప్పలేదు. దండలు వేసినచోట అలాంటివి చెబితే ఎవరికీ భోజనం సయించదు.

మా నాన్న రాయగడ పక్కనే ఉన్న తెరుబలి ప్లాంటు ఫర్నేస్‌లో ట్యాపింగ్ పని చేసేవాడు. రాయీ బొగ్గూ కరెంటు వేడికి మరిగి, లోహం అడుగున చేరాక, ఫర్నేస్ పొట్టకున్న మట్టి బిరడాను పొడుగాటి ఇనుప కడ్డీతో పొడిచి తెరిచి, ఎర్రటి ధారను కాలవలోకి వదలడం ఆ పని. పెళ్ళికి ముందే పార్వతీపురం వైపు నుంచి ఆ కొండల్లోకి వచ్చేసిన మనిషి. పొట్టిగా, గట్టిగా, మెడ లేనట్టు ఉండేవాడు. కోపం వస్తే చెయ్యే మాట్లాడేది. ప్రేమ వచ్చినా చెయ్యే మాట్లాడేది. ఏది ఏదో తెలుసుకునేలోపు మనకి తగిలేసేది.

ఫర్నేస్ దగ్గర వాళ్ళ ముఠాకి ఒకటే నియమం. మిగతా నియమాలు గోడకి బోర్డు మీద వేలాడేవి, ఇది మాత్రం ఒంట్లో ఉండేది. చప్పుడు తేడాగా వినిపిస్తే తిరిగి చూడకూడదు, పరిగెత్తాలి. ఏమైందో తర్వాత తెలుసుకోవచ్చు. అందుకే వాళ్ళెవరూ చొక్కాలకి మామూలు గుండీలు పెట్టించుకునేవారు కాదు, లాగితే ఊడివచ్చే నొక్కుడు బొత్తాలే. బూట్లకి లేసులు కట్టేవారు కాదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఒక పాదం ఎప్పుడూ వాకిలివైపు తిరిగి ఉండేది. సంతలో కూరలు బేరమాడేటప్పుడూ మా నాన్న అలాగే నిలబడేవాడు. ఒక కాలు వంకాయలవైపు, ఒక కాలు పారిపోయేవైపు. అమ్మే ఆవిడ, ఈయన డబ్బులివ్వకుండా ఉడాయిస్తాడేమోనని అనుమానంగా చూసేది.

ఆ నియమాన్ని నాన్న ఇంటికి కూడా తెచ్చాడు. ఊరికే తేలేదు. నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు కాలవలో ఎక్కడో తడి ఉండిపోయింది. తడిమీద కాగిన లోహం పడితే అది ఇక నీరు కాదు, బాంబు. ముఠా అంతా ఉరికింది. ఒక్క మనిషి మాత్రం ఏమైందా అని తల తిప్పాడు. ఆ తిప్పినంతసేపట్లో నిప్పు వచ్చి అతని మొహం మీదా ఛాతీ మీదా పడింది. నాన్నే అతన్ని చేతుల మీద ఎత్తుకుని జీపుదాకా తీసుకెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ ఆ చొక్కా ఉతకబోయి, చేతి మడతకి అంటుకున్నది గుడ్డపేలిక అనుకుని గీరింది. అదేమిటో తెలిశాక పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. నాన్న కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద కలపలేకపోయాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఒకే ఒక్క మాటన్నాడు.

"సూసినాడు. అదొక్కటే సేసినాడు."

మర్నాటినుంచీ మా ఇంట్లో పళ్ళెం మొదలైంది. నేను చదువుకుంటున్నా, తింటున్నా, కునుకు తీస్తున్నా, ఎప్పుడో ఒకప్పుడు నా వెనక నాన్న స్టీలు పళ్ళేన్ని నేలకేసి కొట్టేవాడు. దాని మోత ఆగేలోపు నేను గడప దాటి పెరట్లో ఉండాలి. లేకపోతే బెల్టు. ఒకసారి అలవాటు తప్పి వెనక్కి తిరిగి చూశాను. దవడ మీద పడింది దెబ్బ. నోట్లో ఉప్పగా తగిలి ఉమ్మితే పన్ను కూడా వచ్చింది. నెత్తురు కారుతుంటే నాన్నే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని దూదితో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూనే "ఎందుకు సూసినావురా? ఎందుకు సూసినావు?" అంటూ మళ్ళీ రెండు వేశాడు. ఆయనంటే నాకు భయం ఉండేది కాదు, కసి ఉండేది. పెద్దయ్యాక తిరిగి కొట్టాలని రోజూ అనుకునేవాణ్ణి. చుట్టుపక్కల క్వార్టర్స్‌వాళ్ళు మాత్రం పళ్ళెం మోత వినిపిస్తే, ఇదిగో ఈళ్ళింట్లో ఫర్నేస్ పేలింది అని నవ్వుకునేవారు.

ఏమైతేనేం, ఒళ్ళు నేర్చేసుకుంది. ఎక్కడ ఏది ఢామ్మన్నా నా కాళ్ళు నన్ను అడక్కుండానే బయల్దేరిపోయేవి. బళ్ళో బల్ల పడినా, దీపావళికి పక్కన టపాకాయ పేలినా, నేను అక్కడ ఉండేవాణ్ణి కాదు. స్నేహితులు వెక్కిరించేవారు. నాన్న విని గర్వపడేవాడు.

ప్లాంటు పెద్దల చిన్న విమానం దిగడానికి మా క్వార్టర్స్ అవతల ఒక రన్‌వే ఉండేది. అది వచ్చే ముందు ఆ పట్టీ మీద మేస్తున్న ఆవుల్ని తోలేయాలి. ఆ పని మా పిల్లలదే. ఆవుల వెంట పరిగెడుతూ పైకి చూసి చూసి నాకు విమానం పిచ్చి పట్టింది. రాయగడ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేవీ పరీక్షలు రాసి నెగ్గాను. విమానం నడిపే శిక్షణకి తీసుకున్నారు. నాన్న ప్లాంటు గేటు దగ్గర అందరికీ మిఠాయి పంచి, ఇంటికొచ్చి, వీపు మీద ఊపిరాడనంత చరుపు చరిచాడు. అది దీవెన.

సముద్రం మీద ఎగిరేవాడికి ఎగరడం కంటే ముందు, పడిపోతే బయటపడడం నేర్పుతారు. కేరళ తీరంలో మా శిక్షణ జరిగేచోట ఈతకొలను మీద ఒక ఇనుప పంజరం వేలాడేది. లోపల సీటు, ఒంటిని బిగించే పట్టీలు, పక్కన కిటికీ. మేం దాన్ని డబ్బా అనేవాళ్ళం. మమ్మల్ని అందులో కట్టి, నీళ్ళలో పడేసి, తలకిందులుగా తిప్పేసేవారు. అప్పుడు చేయాల్సింది కొంచెమే. ఒక చెయ్యి కిటికీ అంచుని వదలకూడదు. రెండో చెయ్యి పొట్ట దగ్గర పట్టీ కొక్కెం మీద ఉండాలి. ముక్కులోకి నీళ్ళు పోటెత్తినా, కళ్ళముందు బుడగలు తప్ప ఏమీ కనబడకపోయినా, డబ్బా కుదుపు పూర్తిగా ఆగేదాకా కదలకూడదు. ఆగాక కొక్కెం విప్పి, పట్టుకున్న అంచువైపు ఒంటిని లాక్కుని బయటికి రావాలి. తొందరపడి ముందే విప్పుకున్నవాడు తిరిగే డబ్బాలో బొంగరమైపోతాడు. పైనేదో కిందేదో తెలియదు. నిజం విమానంలో అయితే అక్కడే చచ్చిపోతాడు.

నేను అలాగే చచ్చిపోయేవాణ్ణి. డబ్బా నీళ్ళని తాకడంలో ఢామ్మని పెద్ద మోత వస్తుంది. ఆ మోతకి నా చేతులు కొక్కెం విప్పేసేవి. నేను విప్పమనలేదు. నాగావళిలో ఈదుతూ పెరిగినవాణ్ణి, నీళ్ళంటే నాకు లెక్కలేదు. అయినా ఇనుప కడ్డీలకి నుదురు కొట్టుకుంటూ, కిటికీ ఎక్కడుందో తెలియక నీళ్ళు మింగుతూ ఉండేవాణ్ణి. రెండో పరీక్షలో నన్ను లాగడానికి వచ్చిన డైవర్ మొహం మీద తన్నాను. అతని ముక్కు చిట్లి నీళ్ళు ఎరుపెక్కాయి. మా శిక్షకుడు మలయాళీ, నెరిసిన మీసాల మనిషి. నన్ను తిట్టలేదు. నీకు నీళ్ళంటే భయం లేదు, మరి లోపల నిన్నెవరు తరుముతున్నారని హిందీలో అడిగాడు. నాకు ఎవరో తెలుసు. సెలవుల తర్వాత ఆఖరి అవకాశం ఇస్తానన్నాడు. అది కూడా పోతే నా ఎగరడం అయిపోయినట్టే. ఓడ మీద ఏదో ఒక పని చూపిస్తారు.

నుదుటి మీద కుట్లతో రైలు దిగి ఇంటికొచ్చాను. ఎవరితో కొట్లాడేవని నాన్న అడిగాడు. కొట్లాట కాదని చెప్పి, డబ్బా సంగతంతా చెప్పాను. మొదట నవ్వాడు. నీళ్ళలో కుర్చీకి కట్టేసి ముంచడం కూడా ఒక చదువేనా అన్నాడు. ఆ తర్వాత నేను ఎందుకు తప్పుతున్నానో చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. గోడకి ఆన్చిన పళ్ళేలవైపు చూశాడు, నావైపు చూశాడు.

"మరైతే నేను నేర్పిందే నిన్ను ముంచేస్తంది."

ఎన్నాళ్ళనుంచో నాలో ఉన్న కసి కాసేపు హాయిగా నవ్వుకుంది. ఆయన మొహం చూశాక ఆ హాయి నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను ఏటికి తీసుకెళ్ళాడు. వెంట తన జోడీని కూడా పిలిచాడు. అతను లక్ష్మీపూర్ నుంచి వచ్చి స్థిరపడ్డ దేశియా మనిషి, ఫర్నేస్ దగ్గర మా నాన్నకి రెండో చెయ్యి. ఇద్దరూ సగం తెలుగు, సగం దేశియా, అంటే ఆ కొండల ఒడియా, కలిపి మాట్లాడుకునేవారు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇనుప కుర్చీని అతను నెత్తి మీద పెట్టుకొచ్చాడు. చలికాలం, నాగావళి నీళ్ళు ఎముకల్లోకి దిగుతున్నాయి. నడుము లోతున కుర్చీ వేసి, దాని పక్కన ఇసుకలోకి ఒక వెదురుగడ దిగేశాడు నాన్న. అది నా కిటికీ. ఫర్నేస్‌లో వాడి పారేసిన కాన్వాసు పట్టీతో నన్ను కుర్చీకి బిగించి, పొట్ట దగ్గర లాగితే ఊడే ముడి వేశాడు. చెరొకపక్కా పట్టుకుని కుర్చీని వెనక్కి తిరగేశారు. తిరగేసి ఊరుకోలేదు, కొట్టుకుపోతున్న దుంగలా ఊపారు. ఊపడం మానితేనే నేను ముడి విప్పాలి.

విప్పేశాను. వాళ్ళు ఊపడం మొదలెట్టగానే విప్పేశాను. నేను పైకి తేలీ తేలగానే తడి తుండు మడతపెట్టి వీపు మీద ఒకటి ఇచ్చాడు నాన్న.

"ఎవులు రమ్మన్నారు నిన్ను?"

మళ్ళీ కట్టారు, మళ్ళీ విప్పాను, మళ్ళీ కొట్టాడు. తుండు దెబ్బలకి వీపంతా వాతలు తేలాయి. మధ్యాహ్నానికి నా పెదాలు నీలం, ఆయన కళ్ళు ఎరుపు. ఆ పిల్లాడు చచ్చిపోతాడు ఇవాళ్టికి చాలని జోడీ అన్నా వినలేదు. రెండోరోజు పద్ధతి మార్చాడు. నీళ్ళలో నేను తలకిందులుగా ఉండగా తన అరచేతిని నా గుండె మీద పెట్టి అదిమి ఉంచాడు. నేను గింజుకుంటే ఇంకా అదిమేవాడు. గింజుకోవడం ఆపితే ఆ చెయ్యి కొంచెం తేలికయ్యేది. ఒకసారి ఎంతకీ తియ్యలేదు. ఊపిరి అయిపోయింది, చెవుల్లో హోరు, నన్ను చంపేస్తున్నాడనే అనుకున్నాను. ఆ చేతిని కసుక్కున కొరికాను. అయినా కుర్చీ ఊగుతూనే ఉంది. ఊగడం ఆగేదాకా నేను ముడి విప్పలేదు. ఆగాక విప్పి, గడ పట్టుకుని లేచి, దగ్గుతూనే మా నాన్న మొహం మీద పిడికిలితో గుద్దాను.

నా జన్మలో అదే మొదటిసారి ఆయన్ని కొట్టడం. పడిపోయి లేచాడు. పెదవి పగిలింది, చేతి మీద నా పళ్ళ గాట్లు, రెంటినుంచీ నెత్తురు ఏట్లోకి జారుతోంది. జోడీ గడ్డకి తప్పుకున్నాడు, ఇక ఇద్దర్లో ఎవరో ఒకరే మిగులుతారనుకుని ఉంటాడు. నాన్న ఆ నెత్తుటి మూతితోనే నవ్వాడు.

"ఇప్పుడు గుద్దినావు గానీ, ముందు ఆగినావురా. ఆగినావు."

నాకు ఏడుపొచ్చింది. ఇసకలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. అన్నేళ్ళూ నేను కొట్టాలనుకున్నది ఈ మనిషినేనా అనిపించింది. ఈయన మీద ఉన్నంత ప్రేమ నాకు ఇంకెవరి మీదా లేదని కూడా అప్పుడే తెలిసింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాన్నకి ఇంకో పట్టుదల వచ్చింది. తను చెయ్యలేనిది ఇంకొకడికి ఎలా చెబుతానని, తనని కూడా కుర్చీకి కట్టమన్నాడు. నేను వద్దన్నాను, జోడీ పకపకా నవ్వాడు. కట్టాం. తిరగేశాం. ఆయన నాకంటే ఘోరం. ముడి విప్పడం కాదు, తెంపేసుకుని, కుర్చీని తన్ని, గుడ్డెద్దులా నా పొట్టలోకి తలతో పొడుచుకుంటూ పైకి వచ్చాడు. ఇన్నేళ్ళ పరుగు ఆ ఒంట్లో ఎంత లోతుగా ఉందో చూశాను. వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. షిఫ్టు లేని పూటలన్నీ ఏట్లోనే గడిపాడు. నా సెలవుల్లో నేను నేర్చుకున్నదానికంటే ఎక్కువ ఆయనే నేర్చుకున్నాడు. ఒకరోజు ఎంత ఊపినా కదలకుండా, ఒక చెయ్యి గడ మీద, ఒక చెయ్యి ముడి మీద పెట్టుకుని, మేం ఆపాక నెమ్మదిగా విప్పుకుని లేచాడు. బడిలో బహుమతి కొట్టిన పిల్లాడిలా చూశాడు మా ఇద్దరివైపూ.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకున్నాడు. అమ్మ చారు పోపు వేస్తోంది. సంతోషించలేదు. గరిటె పక్కన పెట్టి ఆయనవైపు తిరిగింది.

"గుంటడికి కావాల, నేర్పినారు, సరే. మీకెందుకు ఇది? ఒక ఒంటికి రెండు బుద్దులు నేర్పకండి. ఏ బుద్ది ఎప్పుడొస్తాదో దానికేటి తెలుసు?"

నాన్న ఆ మాటని చెయ్యూపి కొట్టిపారేశాడు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

నేను తిరిగి బయల్దేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం సైరన్ మోగింది. తెరుబలిలో సైరన్ ఎప్పుడు మామూలుగా మోగుతుందో, ఎప్పుడు కాదో పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. చెప్పులు లేకుండా గేటుదాకా పరిగెత్తాను. ఫర్నేస్ షెడ్డు మీద పొగ నిలువుగా లేచింది. జీపు బయటికొచ్చింది. వెనక సీట్లో ఎవరినో పడుకోబెట్టారు. మనిషి నల్లగా, మెరుస్తూ ఉన్నాడు. మెడ లేని ఆ పొట్టి ఒళ్ళు చూసి నాన్నని గుర్తుపట్టాను. బూట్లకి లేసులు లేవు.

ప్లాంటు దవాఖానా వరండాలో జోడీ కూర్చుని ఉన్నాడు. అతని కనుబొమలు మాడిపోయాయి. చెప్పమన్నాను. పక్కనున్న చల్లబరిచే గొట్టం పగిలి నీళ్ళు లోపలికి పోయాయట. లోపల గుడగుడమంది. ఆ గుడగుడ వినబడగానే అందరూ ఉరికారు. అందరికంటే ముందు ఉరికేవాడు ఎప్పుడూ మా నాన్నే. ఈసారి వెనక ఆయన అడుగుల చప్పుడు వినబడకపోయేసరికి, జోడీ పాపం, తిరిగి చూడకూడదని తెలిసినవాడే, తిరిగి చూశాడు.

"అప్పుడెలాగున్నాడు?" అన్నాను.

అతను నోటితో చెప్పలేదు. లేచి నిలబడి చూపించాడు. ఎడంచేత్తో వరండా కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. కుడిచెయ్యి పొట్ట మీద, ముడి ఉండాల్సినచోట పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, కదలకుండా అలా నిలబడ్డాడు. అప్పుడు నిప్పు వచ్చిందట.

నాకు ఒళ్ళు తెలియలేదు. జోడీ గుండెల మీద రెండు చేతులతో గుద్దాను, ఆ వరండా కమ్మీని తన్నాను, కాలి గోరు ఊడింది. ఏం చేశాడు వీడు అని అరిచాను. వీడు అన్నాను మా నాన్నని. పక్కనున్నవాళ్ళు నన్ను పట్టుకున్నారు. ఫర్నేస్‌లో కుదుపు ఆగదు. ఎంత ఆగినా ఆగదు. నీళ్ళకి ఒక బుద్ధి, నిప్పుకి ఒక బుద్ధి. ఆయనకి ఆ ఒక్క గడియలో అది తారుమారైంది.

విశాఖపట్నం తీసుకెళ్ళమన్నారు. అంబులెన్స్ కొండలు దిగుతున్నంతసేపూ నాన్న అరుస్తూనే ఉన్నాడు. మలుపు తిరిగిన ప్రతిసారీ, గతుకు వచ్చిన ప్రతిసారీ ఆ అరుపు మారేది. అమ్మ చెవులు మూసుకోలేదు. ఆయన తల దగ్గర కూర్చుని, కాలకుండా మిగిలిన ఒక చెవి తమ్మెని రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది. ముట్టుకోవడానికి వేరే చోటు లేదు. ఆ వాసన ఇవాళ్టికీ నాకు ఎక్కడైనా వెంట్రుక కాలితే వచ్చేస్తుంది, నేను లేచి వెళ్ళిపోతాను.

కాలినవాళ్ళ వార్డులో గుడ్డలు చుట్టి పడుకోబెట్టారు. బతకొచ్చు, బతక్కపోవచ్చని డాక్టరు చెప్పాడు. నా రైలు వెళ్ళిపోయింది. ఇంకో రైలెక్కితే పరీక్షకి అందుకోవచ్చు. నేను వెళ్ళదలచుకోలేదు. నా ఎగరడం కోసం ఈయన కాలాడు, ఇక ఆ ఎగరడం ఎందుకు? గుడ్డల్లోంచి నాన్న నన్ను గుర్తుపట్టి రైలెప్పుడని అడిగాడు. నేను వెళ్ళనని చెప్పాను. ఆయన చెయ్యి లేపాడు. మూట కట్టినట్టున్న ఆ చెయ్యి నన్ను కొట్టడానికే లేచింది, సగంలో ఆగి పరుపు మీద పడింది. ఆ నొప్పికి పళ్ళు కొరుక్కున్నాడు. మెల్లగా అన్నాడు.

"నాది తప్పిపోనాది. నువ్వు తప్పకు. ఎల్లు."

అమ్మ కిటికీవైపు తిరిగి నిలబడి ఉంది. నేను వెళ్ళాను.

కొలను దగ్గర మీసాలాయన నన్ను ఎగాదిగా చూశాడు. మొహం అలా ఉందేమిటి, ఆరోగ్యం బాగా లేకపోతే వాయిదా వేస్తానన్నాడు. వద్దన్నాను. డబ్బాలో కూర్చున్నాను. పట్టీలు బిగించారు. ఎడంచెయ్యి కిటికీ అంచు మీద పెట్టాను, కుడిచెయ్యి కొక్కెం మీద పెట్టాను. పెట్టగానే ఒళ్ళు గగుర్పొడిచింది. నేనిప్పుడు సరిగ్గా ఆయన నిలబడ్డట్టే ఉన్నాను.

డబ్బా పడింది. ఆ మోత, ఆ చల్లదనం, తిరగడం, ముక్కులో మంట. పరిగెత్తు అని ఒళ్ళంతా కేక పెట్టింది. ఇదివరకు ఆ కేక అలవాటు మాత్రమే. ఇప్పుడు దానికి సాక్ష్యం ఉంది. ఆగినవాడు ఏమవుతాడో నేను కళ్ళారా చూశాను, అంబులెన్స్‌లో చెవులారా విన్నాను. ఆగితే కాలిపోతావని నాలో ఎవరో అరుస్తున్నారు. ఇది నీళ్ళురా, ఇది నిప్పు కాదు, ఇది నీళ్ళు అని నాకు నేను చెప్పుకున్నాను. నా వేళ్ళు కొక్కెం మీద బిగుసుకుంటూనే ఉన్నాయి. బిగుసుకోనిచ్చాను, విప్పనివ్వలేదు. కోపం వచ్చింది. ఆయన మీద, నా మీద, పగిలిన గొట్టం మీద, ఈ డబ్బా మీద. ఆ కోపమంతా ఎడంచేతిలోకి తెచ్చుకుని అంచుని పట్టుకున్నాను. డబ్బా ఊగింది, ఇంకా ఊగింది, చివరికి నిలిచింది. బుడగలు పోయాయి. కొక్కెం విప్పి బయటికి వచ్చాను.

ఒడ్డున మీసాలాయన నా భుజం తట్టి, ఇంట్లో ఏం చేసొచ్చావోగానీ బాగా చేసొచ్చావన్నాడు. నేను నేల మీద బోర్లా పడి తాగిన నీళ్ళన్నీ కక్కాను.

అక్కడినుంచి నన్ను డబ్బా భయపెట్టలేదు, ఆకాశమూ భయపెట్టలేదు. ఏళ్ళు గడిచాక అంతరిక్షయానానికి ఎంపిక చేసేటప్పుడు చీకటిగదుల్లో తిప్పారు, వ్యోమనౌకలాంటి మూసిన గుల్లలో కూర్చోబెట్టి సముద్రంలో పడేశారు. మిగతావాళ్ళు చెయ్యి పెట్టేచోటు వెతుక్కుంటుంటే నాది ముందే అక్కడుండేది. ఇదంతా నేవీ పెట్టిన భిక్షేనని ఇంటర్వ్యూల్లో చెబుతాను.

పరీక్ష అయిన సాయంత్రం విశాఖ ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి అమ్మని పిలిపించాను. నెగ్గేవా అని అడిగింది. నెగ్గానన్నాను. నాన్న ఎలా ఉన్నాడన్నాను. బతుకుతాడట, డాక్టరు చెప్పాడంది. నేను సంతోషంతో ఫోన్లోనే గట్టిగా అరిచాను. అమ్మ గొంతు మాత్రం పొడిగా ఉంది.

"మీ నానకి సెప్తానులే. మీరిద్దరూ నెగ్గినారు. రోజూ ఆ కట్లు ఇప్పేటప్పుడు ఆయన కేకలు ఇనేది నేను."

ఫోన్ పెట్టేసింది.

విమానం నడపడం నేర్చిన గుర్తుగా నా ఛాతీ మీద బంగారు రెక్కలు తగిలించిన రోజు ఇద్దరూ వచ్చారు. నాన్న కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ చేత్తోనే రెక్కల్ని తడిమి తడిమి చూశాడు, పక్కవాళ్ళని పిలిచి చూపించాడు. అమ్మని కూడా ముట్టుకోమన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి చేతులు చీరకొంగులో దాచుకుంది. నాన్న పోయి చాలా ఏళ్ళైంది. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ నా యూనిఫాం ఉతికి ఇస్తుంది, ఇస్త్రీ చేసి ఇస్తుంది. రెక్కలు మాత్రం నన్నే తీసి పక్కన పెట్టమంటుంది.